విప్పని మూటలు

పాత నాందేడ్‌లో వాళ్ళుండే గల్లీలో వత్సలకు మంచి పేరు. అత్తను ఎలా చూసుకోవాలో వత్సలను చూసి నేర్చుకోండని ఆ గల్లీ పెద్దవాళ్ళు తమ కోడళ్ళకు చెప్పేవారు. అందులో అబద్ధమేమీ లేదు. పొద్దున్నే అత్త గంగుబాయికి వేడినీళ్ళతో స్నానం చేయించి, తల దువ్వి, ఉతికిన చీర కట్టి, ముద్దలు కలిపి నోట్లో పెట్టి, ముందుగదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి టీవీ పెట్టేది. ముసలామె కుర్చీ పట్టుకుని లేవబోతే, "కూసో అత్తా, నువ్వేం జెయ్యకు. నేనున్న గద" అనేది. అత్త చేత పుల్ల కూడా ఎత్తించదని గల్లీ అంతా మెచ్చుకునేది. అక్కడ ఉంటే మనమూ మెచ్చుకునేవాళ్ళమే. అందుకే ఈ కథ చెప్పవలసి వచ్చింది.

గంగుబాయిది ధర్మాబాద్ తాలూకాలోని కర్ఖేలి. ఇంట్లో తెలుగు, అంగట్లో మరాఠీ మాట్లాడే రైతు కుటుంబం. భర్త పోయాక కొడుకు రామదాస్ భూమి కౌలుకిచ్చి తల్లిని నాందేడ్ తెచ్చుకున్నాడు. అతను మహారాష్ట్ర సర్కారు వాళ్ళ ఎస్టీ బస్సులో కండక్టరు, ఎక్కువగా ముఖేడ్ రూటు. వచ్చిన కొత్తలో ఆమె ఒక్క నిమిషం ఖాళీగా కూర్చునేది కాదు. బియ్యం ఏరేది, పప్పులు చెరిగేది, పక్కింటివాళ్ళ జొన్నలు కూడా తెచ్చుకుని బాగుచేసి ఇచ్చేది.

తర్వాత మతి జారడం మొదలైంది. అడిగిందే అడిగేది. మనవరాలు అర్పితను పేరు మార్చి పిలిచేది. ఒకసారి సందు చివర నిలబడి, ఇల్లు ఎక్కడుందో తెలియక ఏడ్చింది. దవాఖానలో పరీక్షలు చేసి, డిమెన్షియా అన్నారు. జ్ఞాపకం మెల్లగా అరిగిపోయే జబ్బని చెప్పి, మందులు రాసి, జాగ్రత్తగా చూసుకోమని పంపించారు.

ఆ 'జాగ్రత్త'ను ఇంటివాళ్ళు తమకు తోచినట్టు అర్థం చేసుకున్నారు. పొయ్యి మీద పాలు మాడిన రోజున ఆమెకు వంటగది బందయింది. వేలు తెగిన రోజున కత్తిపీట అటక ఎక్కింది. బియ్యం చెరుగుతూ సగం నేలపాలు చేసిందని చాట కూడా దాని వెనకే వెళ్ళింది. ఆఖరికి చీపురు పట్టుకున్నా చేతిలోంచి తీసుకునేవారు. అన్నీ ప్రేమతోనే తీసుకున్నారు. ఆ ప్రేమంతా అయ్యాక గంగుబాయికి మిగిలింది కుర్చీ, టీవీ, ఎదురుగా గోడకు ఆనించి ఉన్న బీరువా అద్దం.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె ఆ అద్దం వైపు చూపించి కోడలిని అడిగింది.

"గా ముసల్దెవ్వతె? పొద్దటి సంది ఊకెనే కూసున్నది. కదుల్తలేదు, మెదుల్తలేదు. సచ్చిందా ఏంది?"

అద్దంలో కనిపించేది అత్తేనని చెప్పాలని కూడా వత్సలకు తోచలేదు. గబగబా ఒక దుప్పటి తెచ్చి అద్దం మీద కప్పేసింది. గంగుబాయి ఆ తెల్ల దుప్పటిని చాలాసేపు చూసి, "బట్ట గప్పిండ్రు. అయితే సచ్చినట్టే" అంది. ఎంత మామూలుగా అందంటే, వంటింట్లోకి వెళ్ళిన వత్సలకు ఆ పూట అన్నం సయించలేదు.

రోహిణి కార్తె ఇంకా రాకముందే ఎండలు మండిపోసాగాయి. నాందేడ్ ఎండ సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం గల్లీలో కుక్క కూడా కనబడదు. ఒకరోజు కరెంటు పోయి కూలర్ ఆగింది. కూలర్ మోత ఆగేసరికి ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. లోపలి గదిలో పడుకున్న వత్సలకు అప్పుడు వినబడింది. చట్, చట్, చట్. చాటలో గింజలు ఎగరేసి పట్టుకునే చప్పుడు.

ఆమె లేచి కూర్చుంది. చాట అటక మీద ఉంది. ఇంట్లో తనూ అత్తా తప్ప ఎవరూ లేరు. ఎవరో ఒకరు పట్టుకుంటే తప్ప అత్త కుర్చీలోంచి లేవలేదు. వత్సల గడప దాటేలోగా చప్పుడు ఆగిపోయింది. ముందుగదిలో గంగుబాయి కుర్చీలోనే ఉంది, మధ్యాహ్నం అన్నం పెట్టిన స్టీలు పళ్ళెం కుర్చీ కింద ఉంది. కళ్ళు మూసుకుని ఉంది. ఒళ్ళో చేతులు మాత్రం కదులుతున్నాయి. బొటనవేలు మిగతా వేళ్ళ కొసల మీదుగా చకచకా రాసుకుంటూ వెళ్తోంది, మళ్ళీ వెనక్కి వస్తోంది. పెదవులు ఏదో గొణుగుతున్నాయి. వత్సల చెవి దగ్గర పెట్టి వింది. "తూర్పుది... బాయి కాడిది... ఒర్రె ఒడ్డుది..." అవే మాటలు, అదే వరస. వత్సలకు అది మాటలా లేదు, మంత్రంలా ఉంది.

ఆ సాయంత్రం బియ్యం డ్రమ్ములో చెయ్యి పెడితే వేళ్ళకు మెత్తగా ఏదో తగిలింది. ఎర్రగుడ్డ మూట, నిమ్మకాయంత ఉంటుంది. ముడి సందులోంచి బూడిద రాలుతోంది. ఎండుమిరపకాయ తొడిమ ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంది.

మన వైపు ఇలాంటిది ఇంట్లో కనబడితే నోటికొచ్చేది ఒకే మాట, భానామతి. ఎవరో గిట్టనివాళ్ళు కరణి, అంటే చేతబడి, చేశారని అనుకుంటారు. ఆ మూట విప్పితే, విప్పినవాళ్ళకే అంటుకుంటుందని నమ్ముతారు. కాబట్టి ఎవరూ విప్పరు. వత్సలా విప్పలేదు. పట్టకారతో పట్టుకుని, ముఖం తిప్పుకుని, పెరటి వాకిలి దాటి, బట్టలుతికే నీళ్ళు పారే మోరీ పక్కన గిరాటేసి, వెనక్కి చూడకుండా వచ్చి కాళ్ళు కడుక్కుంది.

తర్వాత దండెం మీద ఆరేసిన ఆమె ఎర్రచీర అంచు వెంబడి ఒక పేలిక మాయమైంది. కత్తెరతో కోసినట్టు లేదు, ఎవరో గోటితో గాటుపెట్టి చింపినట్టుంది. పక్కనే ఉన్న మిగతా చీరలను ఎవరూ ముట్టలేదు. భానామతి పట్టిన ఇంట్లో బట్టలు చిరుగుతాయని ఆమె చిన్నప్పటినుంచీ విన్నదే. మర్నాడు దేవుడి పటం వెనక ఇంకో మూట. ఆ తర్వాత రామదాస్ తలగడ కింద ఒకటి. అర్పిత తలగడ కింద ఒకటి కనబడిన రోజే ఆ పిల్లకు జ్వరం వచ్చింది. కాలేజీ నుంచి ఎండలో నడిచి వచ్చిన పిల్లకు జ్వరం రావడంలో వింతేముందని మీరూ నేనూ అడగవచ్చు. భయపడినవాళ్ళు అలా అడగరు. ప్రతి మూటనూ వత్సల పట్టకారతోనే ఎత్తింది, అదే మోరీ పక్కన అలాగే విసిరింది.

ఇంతలో ఆమె కంట పడకూడనిది ఒకటి పడింది. ఒకరోజు మధ్యాహ్నం వంటింటి కిటికీలోంచి చూస్తే పెరట్లో అత్త నిలబడి ఉంది. పట్టుకుంటే తప్ప లేవలేదనుకున్న మనిషి, నడుం నిటారుగా, పిట్టగోడ మీదుగా కొబ్బరిచిప్ప చాచి ఉంది. అవతలి నుంచి పక్కింటి జనాబాయి చెయ్యి వచ్చి ఆ చిప్పలో బూడిద పోసింది. వత్సల పెరట్లోకి పరిగెత్తేసరికి అక్కడ ఎవరూ లేరు. ముందుగదిలోకి వస్తే అత్త కుర్చీలో కళ్ళు మూసుకుని ఉంది. పాదాలకు మాత్రం తడిమట్టి అంటి ఉంది.

జనాబాయి కుండల్‌వాడి నుంచి వచ్చిన విధవరాలు. కట్టెలపొయ్యి మీద జొన్నరొట్టెలు చేసి ఆ గల్లీ ఇళ్ళకు ఇచ్చి బతుకుతుంది. గల్లీలో గ్యాసు కాని పొయ్యి ఆమెది ఒక్కటే. గంగుబాయితో తీరిగ్గా కూర్చుని మాట్లాడే మనిషీ ఆమె ఒక్కతే. ఇప్పుడు ఆ రెండూ ఆమెకు నేరాలయ్యాయి.

రామదాస్ ఈ సంగతంతా తన బస్సు డ్రైవరు మారోతితో చెప్పుకున్నాడు. మారోతి మంచివాడే. మంచివాడు కాబట్టే వెంటనే ఉపాయం చెప్పాడు. ముఖేడ్ అవతల ఒక పల్లెలో దేవరుషి ఉన్నాడట, దయ్యాలను దింపుతాడట. సెలవు రోజున అతన్ని బస్సెక్కించి ఇంటికి తెచ్చాడు కూడా. దేవరుషి కప్పి ఉన్న అద్దాన్ని చూశాడు. గంగుబాయి వేళ్ళ కదలికను చూశాడు. ఆమె గొణుగుడు విన్నాడు. తర్వాత రామదాస్ వైపు తిరిగి మరాఠీలో, "హీ తుమచీ ఆయీ నాహీ" అన్నాడు. ఈమె మీ అమ్మ కాదని.

అమ్మ ఎప్పుడో వెళ్ళిపోయిందట. ఆ ఖాళీలో ఇంకొకతె వచ్చి కూర్చుందట. బూడిద ఇచ్చిన ఇంటి నుంచే అది దాటి వచ్చిందట. వచ్చే అమావాస్యనాడు తన దగ్గరికి తీసుకొస్తే, అన్నం నీళ్ళు పెట్టకుండా కొన్నాళ్ళు కూర్చోబెట్టి, మిరపకాయల పొగ వేసి దాన్ని వెళ్ళగొడతానన్నాడు. తను ముద్దలు చేసి పెట్టే మనిషిని అన్నం లేకుండా ఎలా ఉంచడమని వత్సల అనుకుంది. కానీ లోపలి గదిలో జ్వరంతో మూలుగుతున్న కూతురి గొంతు వినబడింది. ఆమె లేచి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే రామదాస్ జనాబాయి గుమ్మం ముందు నిలబడి, ఇక తమ గోడ దగ్గరికి రావద్దన్నాడు. ఎందుకో ఆమె అడిగింది, అతను చెప్పలేదు. చెప్పకపోయినా గల్లీకి తెలిసింది. ఒక్కొక్క ఇల్లే ఆమె దగ్గర రొట్టెలు తీసుకోవడం మానేసింది. గంగుబాయిని ఆమె పడుకునే గదిలోనే ఉంచి బయటినుంచి గొళ్ళెం పెట్టారు.

గొళ్ళెం పడ్డాక ఇల్లు మరీ భయంగా తయారైంది. మొదట్లో మధ్యాహ్నమైతే లోపలినుంచి తలుపు మీద గీరుతున్న చప్పుడు వచ్చేది. తర్వాత అదీ ఆగింది. బువ్వ పెట్టబోతే గంగుబాయి పళ్ళు బిగించేది. ఎండలు మొదలైనప్పటినుంచీ పెడుతున్న కలింగరపండు ముక్కలు మాత్రం తినేది; పుచ్చకాయను అక్కడ అలా అంటారు. గింజలు ఒక్కటి కూడా పళ్ళెంలో మిగిలేవి కావు. గింజలతో సహా మింగుతోందని వత్సల ఇంకా భయపడింది. చూస్తుండగానే ముసలామె బుగ్గలు లోపలికి పోయాయి, కళ్ళు ఎటో చూడసాగాయి. దేవరుషి మాటే నిజమేమో, లోపల అత్త లేదేమోనని వత్సలకు నిజంగానే అనిపించింది. ఆమె గదిలోకి వెళ్ళేటప్పుడు తలుపు తెరిచి ఉంచి, గుమ్మానికి దగ్గరగా నిలబడేది. అన్నేళ్ళు తల దువ్విన మనిషిని చూసి ఆమె భయపడుతోంది.

అమావాస్యకు కొద్ది రోజుల ముందు గాలివాన కురిసింది. రేకులు ఎగిరిపడ్డాయి, మోరీ పొంగి పెరడంతా చిత్తడైంది. వాన వాసనకు గంగుబాయి కిటికీ ఊచలు పట్టుకుని పొద్దంతా నిలబడింది. "మిరుగం అత్తున్నది, మిరుగం అత్తున్నది" అని గొంతు పోయేదాకా అంటూనే ఉంది. మృగశిర కార్తెను ఆ ఊళ్ళవాళ్ళు మిరుగం అంటారు. ఆ మాట వత్సలకు తెలియనిది కాదు. కానీ ఆమె చెవికి అది వస్తున్న దయ్యం పేరులా వినబడింది.

అమావాస్య పొద్దున మారోతి జీపు మాట్లాడుకుని వచ్చి గల్లీ మొదట్లో నిలిపాడు. వత్సల అత్తకు స్నానం చేయించి గదిలో కూర్చోబెట్టి, సంచిలో బట్టలు సర్దింది. బీరువా తాళంచెవికి తన తలగడ ఎత్తింది.

కింద మూట ఉంది.

స్నానానికి తీసుకెళ్ళి తీసుకొచ్చిన ఆ కాసేపట్లో, ఏ క్షణంలో పెట్టిందో. ఇన్నాళ్ళూ అందరి తలగడల కింద దొరికింది, తనకు రాలేదు. ఇప్పుడు తన వంతు వచ్చింది. వత్సల పట్టకార తెచ్చి, ఎప్పటిలాగే ముఖం తిప్పుకుని పెరట్లోకి వెళ్ళింది. కానీ చిత్తడిలో కాలు జారింది. పడకుండా ఉండాలంటే కింద చూడక తప్పలేదు.

మోరీ పక్కన ఎర్రగుడ్డలు కదులుతున్నాయి.

ముందు ఆమెకు అలాగే కనబడింది. తను విసిరిన పేలికలన్నీ లేచి తనవైపు వస్తున్నాయనుకుంది. పారిపోకుండా అక్కడే నిలబడిపోవడం వల్ల కొంచెం సేపటికి సంగతి కనబడింది. గుడ్డలు కదలడం లేదు. వాటిని చీల్చుకుని లేచినవి గాలికి ఊగుతున్నాయి. సన్నటి జొన్నమొలకలు. వాటి మధ్య రెండేసి మందపు ఆకులు విప్పుకుని కలింగర మొలకలు. తను మూట విసిరిన ప్రతి చోటా మొలకలున్నాయి.

వత్సల బురదలోనే గొంతుక్కూర్చుంది. పట్టకార పక్కన పడేసి, మూటను చేతిలోకి తీసుకుని మొదటిసారి విప్పింది. బూడిద. ఒక ఎండుమిరపకాయ, నాలుగు వేపాకులు. వాటి మధ్య జొన్నగింజలు. పిండికి ఉంచిన జొన్నల్లోంచి ఏరినవే, కానీ అన్నీ బలమైనవి. నూకగానీ పుచ్చుగానీ ఒక్కటి లేదు. పక్కన నల్లటి కలింగర గింజలు, తను చేత్తో తినిపించిన పండువి.

ఆమె రామదాస్‌ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించింది. అతను మొలకలను చూశాడు. విప్పిన మూటను చూశాడు. గింజల మీది బూడిదను వేలితో తుడిచాడు. యూనిఫాం ప్యాంటుతోనే ఆ చిత్తడిలో కూలబడ్డాడు.

"గియి ఇత్తుల మూటలు" అన్నాడు. తల్లిని అతను అవ్వ అంటాడు. "మిరుగానికి ముంగట మా ఇంట్ల గిట్లనె కట్టేది అవ్వ. పురుగు వట్టకుంట బూడిద, మిరపకాయ ఏసేది. ఇంట్ల ఎంతమందిమి ఉంటే గన్ని మూటలు, దేవునికొకటి ఎక్కువ. ఎవల మూట ఆల్ల తలగడ కింద. మిరుగం నాడు ఎవల మూట ఆల్లే ఇప్పి, మొదటి పిడికెడు ఆల్లే సల్లాలె. నా మూట చెల్లెకిచ్చిండ్రని ఒక్కపారి నేను పొర్లి పొర్లి ఏడ్సిన. గింత మతికున్న ముచ్చట నేనెట్ల మర్సిన వత్సలా? అవ్వ మర్వలే."

ఇప్పుడు చెప్పండి, మతిమరుపు జబ్బు ఆ ఇంట్లో ఎవరికి? తల్లికి కొడుకు పేరు తెలియడం లేదు, నిజమే. అయినా ఇంట్లో ఎన్ని తలలున్నాయో అన్ని మూటలు కట్టింది. చాట లాక్కుంటే ఇంకోదాంతో చెరిగింది, గుడ్డ లేకపోతే చీర చింపింది, దారం లేకపోతే ఆ పేలికకే ముడేసింది, బూడిద లేకపోతే పొరుగింట్లో అడిగింది. కాలు కదపలేదనుకున్న మనిషి ఇల్లంతా తిరిగింది. పెద్ద బడుల్లో చదువుకోవడానికి చిన్నప్పుడే నాందేడ్ హాస్టలుకు వచ్చిన కొడుకు మాత్రం, తల్లి చేతి మూటను చూసి దయ్యమనుకున్నాడు. ఒక్క మూట విప్పి ఉంటే సరిపోయేది. భయం ఎవరినీ ఆ ఒక్క ముడి విప్పనివ్వలేదు.

ఇద్దరూ వెళ్ళి గొళ్ళెం తీశారు. గంగుబాయి నేల మీద కాళ్ళు చాచుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో అన్నం పెట్టిన స్టీలు పళ్ళెం బోర్లించి తుడిచి, మళ్ళీ తిప్పి, అందులో ఎక్కడో దాచుకున్న గుప్పెడు జొన్నలు పోసుకుని చెరుగుతోంది. చట్, చట్, చట్. చెయ్యి వణకడం లేదు. బొటనవేలు వేళ్ళకొసల మీద గింజను దొర్లించి, తాలుగింజను పక్కకు తోసేస్తోంది. వత్సల మంత్రమనుకున్న గొణుగుడు మళ్ళీ మొదలైంది. తూర్పుది, బాయి కాడిది, ఒర్రె ఒడ్డుది. అవి చేల పేర్లు, తూర్పు చేను, బావి దగ్గరి చేను, వాగు ఒడ్డు చేను అని. ఏ చేనుకు ఏ గింజో ఆమె వరసగా చెప్పుకుంటోంది.

తలెత్తి వాళ్ళను చూసింది. "అచ్చిండ్రా? కూసోండ్రి, చెయ్యి వట్టుండ్రి. మిరుగం దగ్గరికచ్చింది." తర్వాత కొడుకు ముఖం పరిశీలనగా చూసి, "నువ్వెవల పిలగానివి బిడ్డా?" అని అడిగింది.

రామదాస్ ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఎవలైతేంది తియ్యి" అంది గంగుబాయి, మళ్ళీ పళ్ళెం అందుకుంటూ. "నీ మూట నీ తలగడ కింద వెట్టిన. పోగొట్టుకోకు."

గల్లీ మొదట్లో జీపు హారన్ కొడుతోంది. రామదాస్ బయటికి వెళ్ళి మారోతి అరచేతిలో ఆ గింజలు పోశాడు. మారోతిదీ పల్లెటూరే. అతను వాటిని చూసి, తల వంచుకుని, జీపు వెనక్కి పంపించాడు.

అర్పిత జ్వరం అప్పటికే మామూలు మాత్రలతోనే తగ్గింది. ఆ తర్వాత గంగుబాయిని వృద్ధుల మతిమరుపు జబ్బులు చూసే ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆమె కథంతా ఓపిగ్గా వింది. మొదట దేవరుషి సంగతి తీసుకుని, ఈ వయసు మనిషికి అన్నం పెట్టకుండా పొగ వేస్తే ప్రాణం పోయేదని, అలాంటివాటిని శిక్షించే చట్టం ఈ రాష్ట్రంలో ఉందని గట్టిగా చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి మరాఠీలో చెప్పిన మాటల సారం ఇది:

"ఈ జబ్బు వెనక్కి పోదు. అబద్ధం చెప్పి మీకు ఆశ పెట్టను. ముందు పేర్లు పోతాయి, తిథులు పోతాయి, దారులు పోతాయి. చేతులు నేర్చుకున్న పని మాత్రం చాలాకాలం ఉంటుంది. ఆమెలో ఇంకా ఆమెగా మిగిలింది అదే. మీరు దెబ్బ తగలకుండా కాపాడాలని ఆ పనే తీసేశారు. నిప్పు, కత్తి మీ చేతిలో ఉంచుకోండి. చెరగడం, ఏరడం, మడతపెట్టడం, నీళ్ళు పోయడం ఆమెకివ్వండి. పక్కన కూర్చుని చేయండి. తప్పు చేస్తే చేయనివ్వండి, తొందరపెట్టకండి. పని బాగా జరగడం ముఖ్యం కాదు. పని చేస్తున్నది ఆమె అన్నది ముఖ్యం."

మొదట వెళ్ళిన దవాఖానలో ఈ మాటలెవరూ చెప్పలేదేమని వత్సలకు కోపం వచ్చింది. తనూ అడగలేదన్నది గుర్తొచ్చి ఊరుకుంది.

మిరుగం నాడు గోడ పక్కనున్న కొంచెం జాగాలో మట్టి గుల్ల చేశారు. పారేసినవాటి బదులు గంగుబాయి మళ్ళీ కట్టిన మూటల్లో ఎవరిది వాళ్ళే విప్పారు. రామదాస్, వత్సల, అర్పిత తలా పిడికెడు గింజలు చల్లారు. తన మూటా దేవుడి మూటా గంగుబాయి విప్పింది. అందరూ చల్లాక ఆమె చుట్టూ చూసి, కొంగుముడి నుంచి ఇంకో మూట తీసింది. అది ఎవరిదని అడిగితే పిట్టగోడ వైపు చూపించింది. ఇంటిమనుషుల లెక్కలో ఆమె జనాబాయిని కూడా వేసుకుంది.

వత్సల ఆ మూట పట్టుకుని వెళ్ళి క్షమించమని అడిగింది. జనాబాయి మూట తీసుకుంది గాని తలుపు వేసుకుంది. వేసుకోదూ మరి. ఒక మనిషికి మంత్రగత్తె అని పేరు పెట్టి, తప్పైపోయిందంటే చెరిగిపోతుందా? రొట్టెలు మానేసిన ఇళ్ళలో కొన్ని మళ్ళీ తీసుకున్నాయి, కొన్ని ఇప్పటికీ తీసుకోవడం లేదు. కానీ ఒకరోజు గంగుబాయి కొబ్బరిచిప్ప చాచి గోడ దగ్గర నిలబడితే, అవతలి నుంచి చెయ్యి వచ్చి బూడిద పోసింది. వంటింటి కిటికీలోంచి ఆ చెయ్యిని చూసి వత్సల ఈసారి ఏడ్చింది.

గంగుబాయి బాగైపోయిందని చెప్పడం లేదు. ఏరిన బియ్యంలో మళ్ళీ రాళ్ళు కలిపే రోజులున్నాయి. మడతపెట్టిన బట్టలు విప్పి తిరిగి మడతపెడుతూ పూటంతా గడిపే రోజులున్నాయి. కోడలి ముఖం గుర్తుపట్టక తోసేసిన రోజూ ఉంది. కానీ బువ్వ తన చేత్తో తింటోంది. పిలిస్తే పలుకుతోంది. మధ్యాహ్నం కరెంటు పోయి ఇల్లు నిశ్శబ్దమైనప్పుడు చట్ చట్ మని చప్పుడు వస్తుంది. వత్సల ఇప్పటికీ ఒక్కక్షణం ఉలిక్కిపడుతుంది. తర్వాత లేచి వెళ్ళి అత్త పక్కన కూర్చుంటుంది.

ఆ గల్లీకి పెద్దదిక్కు సుమిత్రాబాయి ఒకరోజు అలా వచ్చి చూసింది. గంగుబాయి నేల మీద కూర్చుని చాట పట్టుకుని ఉంది. అటక మీది చాట కిందికి దిగింది. సుమిత్రాబాయి ముఖం చిట్లించి, అత్తను నెత్తిన పెట్టుకుని చూస్తావనుకున్నానని, సోయి లేని ముసలిదాని చేత పని చేయించడానికి మనసెలా వచ్చిందని వత్సలను నిలదీసింది. వత్సల బదులు చెప్పేలోపు గంగుబాయి చాట ఆపి బీరువా వైపు చూసింది. అద్దం మీది దుప్పటి తీసేసి చాలా రోజులైంది.

"సూడుండ్రి, గా ముసల్ది లేసింది" అంది ఆమె అద్దంలోకి నవ్వుతూ. "సచ్చిందనుకున్న. పని జేస్కుంటున్నది."

సుమిత్రాబాయికి ఏమీ అర్థం కాలేదు. వత్సల చాట నుంచి తాలుగింజలు ఏరి పక్కన వేస్తూ, తలెత్తకుండా చెప్పింది.

"కూసోవెట్టినప్పుడు మీరందరు నన్ను మెచ్చుకున్నరు చిన్నమ్మా. గప్పుడే మా అత్త బతికుండంగ నేను బట్ట గప్పిన. మతిని తీస్కపోయేది జబ్బు, దాన్నెవలం ఆపలేం. చేతిల పని గుంజుకునేది మాత్రం మనమే. గది మాత్రం గుంజుకోకుండ్రి."